గారహన్, లెంబెక్ జోడీ

మైదానం పక్కనున్న చెక్కల గదిలో మలకీ గారహన్ ఎడమ చెయ్యి బల్ల మీద పరిచి, చూపుడువేలినీ మధ్యవేలినీ కలిపి గుడ్డపీలికతో చుడుతున్నాడు. పీలిక ఒక కొస పళ్ళ మధ్య ఉంది. కుడిచేతి బొటనవేలు వంగదు కాబట్టి ముడి వెయ్యాలంటే పళ్ళే దిక్కు. రెండు చేతులూ పక్కపక్కన పెడితే అల్లం కొమ్ముల్లా ఉంటాయి, ఏ వేలు ఎటు పోతుందో చెప్పలేం.

"ఏమయ్యా, రోజూ ఈ చుట్టుడెందుకు? ఊడపీకి సంచిలో వేసుకుపోరాదూ," అంది డీలియా పొద్దున. అతని భార్య మాటలంతే. వేణ్ణీళ్ళలో ఉప్పు కలిపి ముందు పెట్టిందీ ఆవిడే.

బొగ్గుగనుల ఊరు హార్లన్స్ గ్యాప్‌లో పుట్టిన మగపిల్లలందరిలాగే గారహన్ చేతులు చిన్నప్పుడే చెడ్డాయి. బొగ్గులోంచి పలకరాళ్ళు ఏరే పనిలో వేళ్ళ కొసలు పగిలి నెత్తురు కారేవి. తరవాత గని బేస్‌బాల్ జట్టులో బ్యాటు పట్టినవాడి వెనక కూర్చునే మనిషి పళ్ళు రాలగొట్టుకుని మానేశాడు. ఆ చోటు ఇంకెవరికీ అక్కర్లేక గారహన్‌కిచ్చారు. అప్పట్లో క్యాచర్‌కి మొహానికి ముసుగు లేదు, చేతికి మెత్తని గ్లవ్వు లేదు. వట్టి చేతులతో, బంతి తగిలే లోపు చేతుల్ని వెనక్కి లాగుతూ, మీదినుంచి పడే గుడ్డును పట్టినట్టు పట్టాలి. ఎవరూ నేర్పలేదు. దెబ్బ తగిలినప్పుడల్లా ఎందుకు తగిలిందో చూసుకుని, మర్నాడు ఇంకోలా పట్టాడు.

ఎమిల్ లెంబెక్ చలికాలం గడ్డకట్టిన చెరువు మీద ఐసు కోసే జర్మన్ వాడు. ఆ రంపం లాగీ లాగీ వచ్చిన భుజం అది. వాడు విసిరిన బంతిని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గారహన్ తప్ప ఎవడూ ఆపలేకపోయాడు. జట్ల యజమానులు ఆ రోజుల్లో బంతి విసిరే పిచర్‌నీ క్యాచర్‌నీ ఎడ్లజతలా కలిపే తీసుకునేవాళ్ళు. అలా ఇద్దరూ కలిసి రైలెక్కారు. పెద్ద లీగులో రెండు వేసవులు ఆడారు. ఆ క్లబ్బు మూతబడ్డాక కలిసే తిరిగొచ్చారు. ఊళ్ళో బీరు కాచే ష్టాబ్ సొంత జట్టు పెట్టి, గారహన్‌ని ఆడుతూనే మేనేజరుగా ఉండమన్నాడు.

మేనేజరంటే అన్నీ. రైలు టిక్కెట్లు, సత్రం గదులు, తాగి పడున్నవాళ్ళని లేపడం, వానొస్తే నేల మీద రంపంపొట్టు చల్లడం. ఎవరాడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో చెప్పడమూ అతని పనే. క్యాచర్ పేరు దగ్గర మాత్రం అతనెప్పుడూ ఆగి ఆలోచించలేదు.

ముడి బిగిస్తుండగా ష్టాబ్ లోపలికొచ్చాడు. టోపీ తియ్యలేదు.

"శనివారం లెంబెక్ వద్దు గారహన్. వాడి పని అయిపోయింది. నిన్న నా వెనక కూర్చున్నవాడు ఏమన్నాడో విన్నావా? 'ఎమిల్ బంతి వచ్చేలోపు ఇంటికెళ్ళి సూపు తాగి రావచ్చు' అన్నాడు. డబ్బిచ్చి లోపలికొచ్చినవాడు అన్న మాట అది."

"వేసవంతా ఆడాడండీ. భుజం అలిసింది."

"రెండు వేసవులుగా అలుస్తూనే ఉంది. కొత్తవాడికి కబురు పంపాను. నువ్వే చెప్పు వాడికి. మీరిద్దరూ జోడీ కదా, నా నోటినుంచి వినడం బాగుండదు."

గారహన్ పళ్ళతో ముడి లాగి బిగించాడు. ఎమిల్ బంతి చచ్చిపోయిందని అతనికీ తెలుసు. రోజూ పడుతున్నది తనే. ఐసు బేరమంతా ఇప్పుడు పెద్ద కంపెనీ చేతిలోకి పోయింది, చెరువు మీద పని లేదు. జట్టులోంచి తీసేస్తే ఎమిల్‌కి మిగిలేది గని. ఈ వయసులో కొత్తగా గనిలోకి దిగినవాళ్ళు ఎలా దగ్గుతూ పైకొస్తారో ఆ ఊళ్ళో ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం సాధనకి అతని చెయ్యి గ్లవ్వులో దూరలేదు. అంత వాచింది. కుడివైపు మైదానంలో ఆడే ప్రాసర్‌ని పిలిచి, "ఇవాళ నువ్వు వెనక కూర్చో. ఎమిల్ బంతులే, భయంలేదు," అన్నాడు. ప్రాసర్ వేల్స్‌నుంచి వచ్చినవాడు, పెళ్ళయినవాడు, నోట్లో మాట ఉండదు. అంతకుముందు ఎక్కడో క్యాచర్‌గా ఆడాడు.

గారహన్ సుత్తి తీసుకుని, ఊడిన కంచె చెక్కలు బిగించడానికి వెళ్ళాడు. ఎమిల్‌తో ఏమని మొదలుపెట్టాలా అనుకుంటూ మేకు కొడుతుంటే వెనకనించి ఫట్టుమని చప్పుడయింది. చెక్క చీలిందేమోనని చూశాడు. చీలలేదు. చప్పుడు మళ్ళీ వచ్చింది. అప్పుడు తెలిసింది. తోలు మీద బంతి అలా పేలి ఎంతకాలమైందో! సుత్తి అక్కడే పడేసి మైదానంలోకి నడిచాడు. అతన్ని చూడగానే ఎమిల్ తరవాతి బంతి గాలిపటంలా వదిలాడు.

"ఒరే ఎమిల్. ఇందాకటిది వెయ్యి."

"ఏదిరా?"

"ఇందాకటిది."

"చెయ్యి నొప్పిగా ఉంది."

"నీ నొప్పి నాకు తెలీదా? వెయ్యి."

ఎమిల్ బంతిని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. ప్రాసర్ తన పల్చటి గ్లవ్వులోంచి చెయ్యి తీసి విదిలించుకున్నాడు. అరిచెయ్యి ఎర్రబడింది.

"ఎప్పటినుంచి?" అన్నాడు గారహన్.

"పోయినేడు నీ వేలెముక బయటికొచ్చింది చూడు, అప్పటినుంచి."

"నేను పట్టలేనన్నానా?"

"నువ్వనవు. చచ్చినా అనవు. గట్టిగా వేస్తే నీ చేతిలోంచి జారుతుంది, పరుగులు పోతాయి. మెల్లగా వేస్తే వాళ్ళు బాదుతారు, పరుగులు పోతాయి. రెండూ ఒకటేరా. మొదటిదైతే నీ తప్పంటారు, రెండోదైతే నా తప్పంటారు. ఇందులో పెద్ద లెక్కేముంది?"

"నీ మీద కేకలేస్తుంటే నేను నీ ఎదురుగా కూర్చుని..."

"కూర్చో. నాకు చెవుడనుకో."

గారహన్‌కి కృతజ్ఞత కలగలేదు. ఇన్నాళ్ళూ, ఈ వయసులో కూడా ఎమిల్ బంతి నన్ను దాటి పోలేదు అనుకుంటూ ఇంటికి వెళ్ళేవాడు. వాడు పట్టనిచ్చినవే పట్టాడు. చిన్నపిల్లలతో ఆడినట్టు ఆడాడు వాడు తనతో.

"నాకు దయ చూపించావు సరే. ఆటని చంపావు కదరా," అన్నాడు.

"చంపితే చంపాను. ఆట నాకు అన్నం తినేటప్పుడు తోడు కూర్చోదు."

గారహన్ మైదానంలోంచి బయటికి నడిచాడు. కంచెకి ఒక చెక్క అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

బీరు బట్టీలో ష్టాబ్ పీపాల మధ్య నిలబడి ఉన్నాడు. గారహన్ చెప్పాల్సింది చెప్పాడు. "లెంబెక్ భుజంలో ఏ లోపమూ లేదు. లోపం నా చేతుల్లో ఉంది. శనివారం ప్రాసర్ పడతాడు. వచ్చి విసురు చూడండి, చూశాక నచ్చకపోతే మీ కొత్తవాణ్ణి దింపండి."

ష్టాబ్ అతని చేతులకేసి చూశాడు.

"మరి నువ్వు?"

"మేనేజరుగా ఉంటాను."

"ఆడుతూ మేనేజరుగా ఉంటావనే నిన్ను పెట్టుకున్నాను గారహన్. బెంచీ మీద కూర్చునేవాడికి నేను జీతం ఎన్నాళ్ళివ్వగలను? సీజను అయ్యేదాకా ఉండు. తరవాత సంగతి నేను మాటివ్వలేను."

"నేనడగలేదండీ," అని బయటికొచ్చాడు.

ఇంటికొచ్చి గ్లవ్వు ముందేసుకున్నాడు. ఏళ్ళ తరబడి అతని వంకర వేళ్ళకి ఒదిగిన తోలు అది. ఇంకొకడి చేతికి రాదు. ప్రాసర్‌ది పొట్టి చెయ్యి, వెడల్పాటి అరిచెయ్యి. గారహన్ కుట్లన్నీ విప్పాడు. లోపల గట్టిపడిన గుర్రపువెంట్రుకల దిండు తీసి పారేశాడు. తోలు తడిపి, కర్రతో సాగదీసి, వంకరలు పోయేదాకా ఇనప పెట్టె కింద అదిమాడు. కొత్తగా ఉన్ని ముక్కలు, వెంట్రుకలు కూరి, అరిచేతి మధ్యలో మాత్రం పల్చగా వదిలాడు. బంతి అక్కడే నిలవాలి. సూది అతని వేళ్ళకి దొరకదు. డీలియా దారం ఎక్కించి ఇస్తే, చెప్పులు కుట్టే పటకారుతో సూది లాగుతూ కుట్టాడు.

"ఇన్నేళ్ళకి నీ చెయ్యి విప్పేసినట్టుందయ్యా," అందావిడ.

"దారం తెగింది. ఇంకోటి ఎక్కించు," అన్నాడు.

శనివారం జనం ఇంకా రాకముందే ప్రాసర్ చెక్కల గదిలోకొచ్చాడు. బయట ఎమిల్ కంచెకేసి బంతి విసిరి భుజం వేడి చేసుకుంటున్నాడు. ఆ చప్పుడు గదిలోకి వినబడుతోంది. గారహన్ గ్లవ్వు అందించాడు.

"చెయ్యి పెట్టి చూడు. బొటనవేలి దగ్గర వదులుంటే ఇప్పుడే చెప్పు, ఆట మొదలయ్యాక నేనేం చెయ్యలేను."

ప్రాసర్ చెయ్యి దూర్చి, పిడికిలితో మధ్యలో రెండుసార్లు గుద్దాడు.

"సరిపోయింది కెప్టెన్."

"అయితే పో. వాడు ఎదురుచూస్తున్నాడు."