వాగ్దానాల పెట్టెలో బురదముంగి

పొద్దున దుకాణం తెరవగానే నేను చేసే మొదటి పని లామినేషన్ యంత్రాన్ని వేడెక్కించడం. అది మొదటి అట్టను మింగి బయటికి తోసేటప్పుడు, కాలీ కాలని ప్లాస్టిక్కుతో కొత్త సిరా కలిసిన ఒక వాసన వస్తుంది. ఎవరైనా ముక్కు చిట్లించే వాసనే. నాకు మాత్రం అది తగలగానే నంద్యాలలో ఒక ఇరుకు గది, గోడ నిండా వేలాడే పెళ్ళి కార్డులు, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని "ఏందీ, మళ్ళా కోతి దగ్గరికే వచ్చినావా?" అని నవ్వే దానియేలన్న కనిపిస్తారు. ఇప్పుడు నేను ఆళ్ళగడ్డలో కూర్చుని ఎక్కడెక్కడివాళ్ళకో ఆట కార్డులు తయారుచేసి పంపుతుంటాను. మూడు తలల పాము, మంటలు కక్కే గేదె, ఎవరికి ఏ వింత జంతువు కావాలంటే దాన్ని గీసి, దాని బలమూ బలహీనతా రాసి, కట్ట కట్టి ఇస్తాను. పిల్లలు వాటితో ఆడుకుంటారు, ఒకరివొకరు మార్చుకుంటారు. పెద్దవాళ్ళు కూడా తక్కువేమీ తినలేదు. "ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగినవాళ్ళకు నేను చెప్పే పేరు దానియేలన్నదే. ఆయన పోయి మూడేళ్ళయింది.

డిగ్రీలో జువాలజీ చదివి, ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగి, చివరికి ఆయన పెళ్ళి కార్డుల దుకాణంలో డిజైన్ పనికి కుదిరాను. మా నాయన ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. ఆయన పక్కన కూర్చుని నాకు గీత అబ్బింది. ఆ ఒక్క అర్హత చూసే దానియేలన్న నన్ను తీసుకున్నారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. భార్యాభర్తలకు పిల్లలు లేరు. వారంలో ఆరు రోజులు దుకాణం, ఏడో రోజు చర్చి. అక్కడ ఇరవై ఏళ్ళుగా సండే స్కూలు నడుపుతున్నది ఆయనే. సోమవారం రాగానే ముందు ఆ పిల్లల కబుర్లు చెప్పాకే కంప్యూటరు ముట్టుకునేవారు. "నాకు ముప్పైమంది పిల్లోళ్ళు. ఆదివారానికొకసారి ఇంటికొస్తారు" అనేవారు. ఆ బడి ఆయనకు ప్రాణం.

మొదటి రోజే మా మధ్య మాటామాటా వచ్చింది. "ఏం చదివినావమ్మీ?" అన్నారు. "జువాలజీ అన్నా" అన్నాను. "అయితే కోతి నుంచి మనిషి వచ్చినాడనే బాపతు అన్నమాట." నేను ఊరుకోలేదు. "కోతి నుంచి కాదన్నా. కోతికీ మనకూ ముత్తాత ఒకడే." ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీ ముత్తాత సంగతి నాకు తెలీదు గానీ, మా ముత్తాతది సంజామల ఊరు" అన్నారు. ఉద్యోగం ఆ రోజే ఊడుతుందనుకున్నాను. మర్నాడు పొద్దున ఆయనే కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, "నిన్న యాడ ఆపినాం?" అన్నారు.

అప్పటి నుంచి ఆ వాదన మాకు టీతోపాటు రోజూ ఉండేది. ప్రతి జీవినీ దేవుడు దాని రూపంలోనే చేశాడని ఆయన, ఒకదాన్నుంచి ఒకటి మారుతూ వచ్చాయని నేను. "మీ నాయన చెక్కకుండా రాతిలోంచి యాళి దానంతటదే లేచి వస్తాదా?" అన్నది ఆయన పెద్ద అస్త్రం. సింహం ఒళ్ళూ ఏనుగు తొండమూ ఉండే ఆ గుడి స్తంభాల జంతువు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. "మా నాయన యాళి పిల్లలు పెట్టదన్నా. పిల్లలు పెట్టేవాటి సంగతి వేరే" అనేదాన్ని. ఒకసారి తేల్చుకుందామని ఆయన నాతోపాటు బస్సెక్కి ఆళ్ళగడ్డకే వచ్చేశారు. మా నాయన ఉలి పక్కన పెట్టి అంతా విన్నాడు. "మా గురువు చెక్కిన యాళికి తొండం ఇంత పొడుగుండె. నేను రవ్వంత తగ్గించినా. నా దగ్గర నేర్చినోళ్ళు ఇంకొంచెం తగ్గించినారు. ఇప్పుడు చూస్తే అది వేరే జంతువే" అన్నాడు. "చూశారా, మారింది!" అని నేను ఎగిరాను. "మార్చినోడు ఒకడుండాడు గదా, చూసినావా!" అని ఆయన ఎగిరారు. మా నాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఇద్దరూ గెలిచినారులే, అన్నం తిందాం రాండి" అన్నాడు.

ఆట పుట్టింది మూఢంలో. మూఢం వస్తే ముహూర్తాలుండవు, ముహూర్తాలు లేకపోతే పెళ్ళి కార్డుల దుకాణంలో ఈగలు తోలుకోవడమే. "మూఢమేమో మీది, పస్తు నాది" అని ఆయన నన్ను ఏడిపించేవారు. ఆ ఖాళీలో నేను కాగితాల మీద గీసుకున్న వింత జంతువులను చూసి, "నోటితో కొట్లాడింది చాలు, వీటితో తేల్చుకుందాం" అన్నారు. రెండు కట్టలు అనుకున్నాం. సృష్టి కట్టలో ప్రతి జంతువూ మొదటి నుంచే పూర్తి బలంతో దిగుతుంది, కానీ మారదు. పరిణామం కట్టలో జంతువు నీరసంగా మొదలై, తరానికొక కొత్త లక్షణం తగిలించుకుంటుంది. మధ్యలో కరువు, వరద, అడవి మంట కార్డులు వచ్చి పడుతుంటాయి. చివరికి ఎవరి జంతువు మిగిలితే వాళ్ళది గెలుపు. పెళ్ళి కార్డులు అచ్చువేసే పెద్ద షీటులో చివర ఒక వరస ఖాళీగా మిగిలి కోతలో పోయేది. ఆ వరసలో మా జంతువుల్ని ఇరికించేవాళ్ళం. వధూవరుల పేర్ల పక్కన మూడు కళ్ళ కప్ప అచ్చయ్యేది.

మొదటిసారి రెండు కట్టలూ నేనే గీశాను. పరిణామం కట్టలో ఒక్కో జంతువు మీద ప్రాణం పెట్టాను. సృష్టి కట్టలో మాత్రం సింహానికి బలం రెండు, గద్దకు చూపు మందం. పావుగంటలో గెలిచాను. దానియేలన్న కోపం చూడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు. కార్డులు బల్ల మీద పెట్టేసి, "ఈ సింహం నాది కాదు" అన్నారు. "మరెవరిదన్నా?" అన్నాను. "నీ మనసులో ఒక దానియేలు ఉండాడే, వానిది. వాణ్ని గెలిచేకి నేనెందుకు ఈడ?" కార్డులన్నీ నా వైపు తోసి మళ్ళీ అన్నారు: "ఇట్ల చేద్దాం. నా కట్ట నువ్వు గీయి, నీ కట్ట నేను గీస్తా. బలంగా గీసినావని అవతలోళ్ళు ఒప్పుకోవాల. ఒప్పుకునేదాకా ఆట లేదు." అన్నట్టే మర్నాడు నా డిగ్రీ పుస్తకాలు అడిగి తీసుకుని, నెలన్నర పాటు పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివారు. నేను ఆయన గ్రంథంలో సృష్టి భాగం చదివి, అర్థం కానిచోట ఆయన్నే అడిగాను. నా సింహాన్ని ఆయన నాలుగుసార్లు తిప్పి పంపారు. ఆయన గీసినవాటిలో నాకు బాగా నచ్చింది బురదముంగి. ముంగిస మొహం, చేప తోక. చెరువు ఎండితే బురదలో దూరి, తర్వాతి తరంలో కాళ్ళతో బయటికొచ్చే జీవి. బొమ్మ వంకరటింకరగా ఉన్నా, నా చదువు నాకంటే ఆయనకే బాగా అర్థమైందని ఆ కార్డు చూస్తే తెలిసిపోయేది. కాస్త సిగ్గుపడ్డాను.

ఆయన చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సంవత్సరం రోజు ఒక పెట్టెలో వాక్యాలు అచ్చువేసిన చిన్న కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్కరూ వచ్చి ఒకటి తీసుకుంటారు. చేతికొచ్చిన వాక్యమే ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన వాగ్దానమని నమ్మి ఇంట్లో గోడకు అంటించుకుంటారు. వాటిని అచ్చువేసేది ఎప్పుడూ దానియేలన్నే. ఆ ఏడాది ఆ షీటు చివరి వరసలో బురదముంగి తరాలన్నీ వేశాం. కొలత ఒకటే, వెనకవైపు నీలి అంచు కూడా ఒకటే. కోత రోజు ఆయన ఏదో పెళ్ళి ఆర్డరు మాట్లాడటానికి బేతంచెర్ల పోయారు. కోసి, కట్టలు కట్టి, చర్చికి పంపింది నేను. ఆట కార్డులు విడిగా తీయాలన్న ధ్యాసే నాకు లేకపోయింది.

జనవరి ఒకటో తారీఖు పొద్దున ఆరాధన అయ్యాక జనం వరసకట్టారు. నేను అక్కడ లేను. ఆయనే తర్వాత చెప్పారు, నవ్వాపుకోలేక మధ్యలో రెండుసార్లు ఆగి. సంఘ పెద్ద యోహాను మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన భక్తిగా కార్డు తిప్పి చూస్తే, "బురదముంగి, రెండో తరం. బలం నాలుగు, తెలివి సున్నా" అని ఉందట. వెనకే ఉన్న మార్తమ్మవ్వకు చూపు ఆనదు. ఎవరో చదివిపెట్టారు: "కరువు వచ్చినా చావదు. ఒక తరం ఓపిక పట్టి, కొత్త కాళ్ళతో లేస్తుంది." ఏళ్ళ తరబడి మోకాళ్ళ నొప్పులతో అవస్థ పడుతున్న ఆ అవ్వ కార్డు కళ్ళకద్దుకుని, "నాకు కొత్త కాళ్ళిస్తానన్నాడు దేవుడు!" అని కేక పెట్టిందట. మొత్తం ఇరవై రెండు బురదముంగులు బయటపడ్డాయి. పిల్లలు వాటికోసం తమ వాగ్దానాలు ఇచ్చి మార్చుకోవడం మొదలుపెట్టేసరికి వ్యవహారం ముదిరింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం సంఘ పెద్దలు కూర్చున్నారు. నన్నూ రమ్మన్నారు. ఆయన బడి పోతుందేమోనని ఆయనకంటే నాకే ఎక్కువ భయం, తప్పు నాది కదా. యోహాను మాస్టారు కార్డు ఎత్తి చూపించి, "ఇది ఈ పాప గీసిందేనా?" అన్నారు. "కాదు మాస్టరూ, నేను గీసినా" అన్నారు దానియేలన్న. "మరి కలిపి పంపిందెవురు?" "నా షాపులోంచి వచ్చిందంటే నేను పంపినట్టే." అప్పుడు నేను లేచి నిజం చెప్పాల్సింది. రోజంతా ఆయనతో గొంతు చించుకునేదాన్ని, ఆ పదిమంది ముందు నోరు పెగల్లేదు. ఆ కుర్చీలో అలా కూర్చుండిపోయినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. మాస్టారు మళ్ళీ, "అసలు ఈ కార్డులో ఏం చెప్తాండావ్ దానియేలూ?" అన్నారు. ఆయన చెప్పారు. చెరువు ఎండటం, చాలా చచ్చి కొన్ని మిగలటం, మిగిలినవి తమ పోలికలు పిల్లలకివ్వటం, అలా వేల తరాలు. తొందర లేదు, వెటకారం లేదు. కాలేజీలో మా లెక్చరర్లు కూడా అంత తేటగా చెప్పలేదు. "అయితే నువ్వు ఇది నమ్ముతాండావా?" అన్నారు మాస్టారు. "లేదు. మీరు నమ్మేదే నేనూ నమ్మేది. కాకపోతే తప్పని చెప్పేకి ముందు అదేందో సరిగ్గా చెప్పాల గదా" అన్నారు ఆయన. "అంత బాగా చెప్పినోడు నమ్మకుండా ఎట్లుంటాడప్పా?" అన్నారు మాస్టారు. సండే స్కూలును ఇంకొకరికి అప్పగించారు. బయటికొచ్చాక నేను ఏడ్చేశాను. "నీ కట్ట మరీ బలంగా గీసినట్టుండాను అమ్మీ" అని ఆయన నవ్వారు. కానీ తర్వాతి సోమవారాల్లో చెప్పడానికి కబుర్లు లేక, ఆయన రాగానే కంప్యూటరు ముందు కూర్చునేవారు.

ఆయన తరఫున నిలబడింది మార్తమ్మవ్వే. కొత్త కాళ్ళు రాలేదు గానీ, ఆ కార్డు మీది నమ్మకంతో రోజూ నాలుగడుగులు ఎక్కువ వేసి, ఎండాకాలానికల్లా కర్ర వదిలేసింది. "నాకు నడక తెచ్చినోణ్ని బయటపెట్టి మీరు లోపల కూర్చుంటారా?" అని అందరి ముందూ మాస్టార్ని నిలదీసింది. అప్పటికే పిల్లలు కొత్త టీచరు పాఠం ఎగ్గొట్టి కార్డుల కోసం దానియేలన్న ఇంటికి పోతున్నారు. వానలు పడే రోజుల్లో మాస్టారే దుకాణానికొచ్చి, టీ తాగి, "రాప్పా, నీ పిల్లోళ్ళను నువ్వే చూసుకో" అన్నారు. దానియేలన్న ఎగిరి గంతేస్తారనుకున్నాను. "వస్తా. ఒక ఆదివారం ఈ పాపతో గంటసేపు పాఠం చెప్పించేకి మీరు ఒప్పుకుంటే" అన్నారు. మాస్టారు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, "సరే. నేనూ వచ్చి కూర్చుంటా" అన్నారు.

పిల్లలు చాపల మీద కూర్చున్నారు. వెనక కుర్చీల్లో యోహాను మాస్టారు, మార్తమ్మవ్వ. దానియేలన్న నన్ను ముందు నిలబెట్టి, "ఈ అక్క చెప్పేదాంట్లో నేను ఒక్క మాట గూడా ఒప్పుకోను. చెవులు పెట్టి వినండి" అన్నారు. చెప్పి పోయి ఆ పిల్లల మధ్యనే చాప మీద కూర్చున్నారు. నేను ముందు మాస్టారి వైపు చూసి, "ఆ కార్డులు కలిపి పంపింది నేనే సార్. ఆ రోజు చెప్పలేకపోయాను" అన్నాను. ఆయన తలూపారు. తర్వాత పాఠం మొదలుపెట్టాను. గంట ఎలా గడిచిందో తెలియదు. చివర్లో చెయ్యెత్తింది దానియేలన్న. "అన్నీ ఒకదాన్నుంచి ఒకటి వచ్చినాయి, సరే. ఆ మొట్టమొదటిది యాడ నుంచి వచ్చింది?" దుకాణంలో అయితే తప్పించుకోవడానికి నా దగ్గర నాలుగు జవాబులుండేవి. ఆ పిల్లల ముందు అవేవీ వాడబుద్ధి కాలేదు. "తెలీదన్నా. ఇంకా వెతుకుతాండారు" అన్నాను. ఆయన పిల్లల వైపు తిరిగి, "విన్నారా? అంత చదువు చదివి, తెలీదని చెప్పింది. అట్ల చెప్పేకి ధైర్యం కావాల" అన్నారు. ఆయన గొంతులో గర్వం వినిపించింది. మా నాయన నా గీతను మెచ్చుకున్న రోజు కూడా నేనంత సంతోషపడలేదు.

ఆ తర్వాత ఆయనకు ఒంట్లో బాగాలేక దుకాణం మూసేదాకా ఆయన దగ్గరే పనిచేశాను. చివరిదాకా ఆయన సృష్టినే నమ్మారు, నేను ఇప్పటికీ పరిణామాన్నే నమ్ముతున్నాను. ఆటలో ఎవరు ఎక్కువసార్లు గెలిచారో గుర్తులేదు. నాకు మిగిలింది ఒక అలవాటు. ఇంట్లో గానీ దుకాణంలో గానీ ఎవరితోనైనా మాట పెరిగితే, నా జవాబు ఆపుకుని, వాళ్ళు చెప్పేది ముందు నేనే చెప్పి చూపిస్తాను, వాళ్ళు చెప్పినదానికంటే కాస్త బలంగా. "ఇదేనా మీరనేది?" అని అడుగుతాను. "అవును, అదే" అన్నాకే నా మాట మొదలుపెడతాను. అలా చెబుతూ చెబుతూ ఉండగానే ఒక్కోసారి వాళ్ళదే సరైనదని తెలిసిపోతుంది, నవ్వుకుంటూ ఒప్పేసుకుంటాను. ప్రతి జీవినీ దేవుడే చేశాడన్న దానియేలన్న మాట ఒక్కటి మాత్రం ఎన్నిసార్లు చెప్పి చూసుకున్నా ఇంకా ఒప్పుకోలేకపోతున్నాను. ఆయన ఉండుంటే, ఈ పూటే బస్సెక్కి నంద్యాల పోయి ఆ సంగతి ఆయన మొహం మీదే చెప్పేదాన్ని.