పడవ మీది తెల్లగీత

బట్టలు కొలిచే నా గజంబద్ద మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా నోటి సంగతి తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.

అప్పట్లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దీవికి రోడ్డు లేదు. పులికాట్ సరస్సు మీద పడవలోనే పోవాలి. వారానికోసారి చీరలూ రవికెగుడ్డలూ మూటగట్టి ఎత్తుకుని వెళ్లి, అక్కడి ఇళ్లలో అమ్ముకొచ్చేవాణ్ణి. అదే నా బతుకుతెరువు. నేను పడవ ముక్కున కూర్చుంటే వెనకవైపు గాల్లోకి లేచేది. అక్కడ కూర్చున్న ముసలాళ్లకు దీవిలోని తాటిచెట్ల తలలు నాకంటే ముందే కనిపించేవి. ఒకరోజు పడవాయన నన్నూ మూటనూ మార్చి మార్చి చూశాడు.

"అన్నా, నువ్వన్నా రా, మూటన్నా పంపు. రెండూ అంటే నా పడవ ఒప్పుకోదు."

మూట లేకుండా నేనెందుకు, నేను లేకుండా మూటెందుకు? రైసుమిల్లు కాటా ఎక్కితే ఎనిమిది మణుగులు, అంటే ఇప్పటి లెక్కలో తొంభై కిలోలు తూగాను. ఆ రోజునే పథ్యం మొదలుపెట్టాను. పొద్దున మజ్జిగ, మధ్యాహ్నం చిన్న రాగిసంకటి ముద్ద, సాయంత్రం ఉలవకట్టు. వంటింటి తాళంచెవిని మా ఆవిడ కొంగున ముడేసుకుంది. మూడు నెలల్లో మణుగున్నర దిగాను. పడవాయన నన్ను ఒక్కణ్ణే ముక్కున కూర్చోబెట్టి, నీళ్లు తాకిన చోటుకు కాస్త పైన తెల్లరంగుతో గీత గీశాడు. అది మునిగిన రోజు మూట గట్టునే ఉంటుందన్నాడు.

పథ్యం చేయడం పెద్ద విద్యేం కాదు. అది ఫలానా రోజుతో అయిపోతుందని తెలిస్తే ఎవరైనా చేస్తారు. ఆ మర్నాటి నుంచే కష్టం, దానికి ఆఖరి రోజంటూ ఉండదు. పైగా దీవిలో గడప ఎక్కినవాణ్ణి మడవచేపల పులుసూ అన్నమూ పెట్టకుండా పంపరు. వద్దంటే చీర ముట్టరు. నా దగ్గర ఖాయంగా కొనే ఇళ్లు ఐదు, అంటే భోజనాలూ ఐదే.

ఆలోచించి ఒక అబద్ధం ఆడాను. వచ్చిన రోజున ఒక్క ఇంట్లోనే తింటానని మొక్కుకున్నానన్నాను. పాపం, నమ్మారు. వంతులు వేసుకున్నారు. ఆ వారం వంతు వచ్చిన ఇంటికి వెళ్లి చూస్తే, మిగతా నాలుగిళ్ల వాళ్లూ గిన్నెలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. మొక్కు చెడకుండా ఐదిళ్ల వంటా ఒక్క ఇంట్లోనే తిన్నాను. నెల తిరిగేసరికి పడవాయన గీత మీద వేలు రాసి నాకు చూపించాడు. అంచు తడిగా ఉంది, ఇంకా మునగలేదు. ఆ రోజంతా మూటను ఒళ్లో నుంచి దించలేదు నేను.

తర్వాతి వారం వంతు ఒక అవ్వది. కంచం ముందు పెట్టి, పేటలో ఏంది విశేషాలని అడిగింది. మద్రాసు రైలు మా స్టేషన్‌లో గంటసేపు ఆగిపోయిన సంగతి ఎత్తుకున్నాను. ఒక పీత చక్రాన్ని పట్టుకుని వదల్లేదు మరి. గార్డు దిగాడు, డ్రైవరు దిగాడు, పీత మాత్రం దిగలేదు. కథ పూర్తయ్యేసరికి పులుసు చల్లారింది. కడుపు నిండినట్టే ఉంది, కంచంలో సగం అలాగే ఉంది.

అవ్వ కంచం వంకే చూస్తూ అంది: "నీ నోరు పలికినంతసేపూ నీ చెయ్యి నిద్దరపోతాది, నాయనా."

ఇంత వయసొచ్చినా నా సంగతి నాకు తెలియలేదు. వినేటప్పుడు నేను తింటాను, చెప్పేటప్పుడు తినను. ఆ నాటి నుంచి మొదటి ముద్దతోనే కథ ఎత్తుకునేవాణ్ణి. వినడానికి చేరినవాళ్లే మిగతా గిన్నెలు ఖాళీ చేసేవాళ్లు. నిజంగా జరిగిన సంగతులు రెండు వారాల్లో అయిపోయాయి. ఆ తర్వాత ఏం చేయమంటారు, ఒళ్లు కాపాడుకోవద్దా? కథ పెరిగినకొద్దీ నడుము తగ్గింది, చీరలు కూడా ముందుకంటే ఎక్కువే పోయాయి. ఇంట్లోనూ అదే పద్ధతి. పీత పట్టింది పోయినసారి గూడూరు స్టేషన్‌లో కదా అని మా ఆవిడ అడిగేది. అది దీని తమ్ముడని చెప్పి మజ్జిగ పోయించుకునేవాణ్ణి.

అలా రోడ్డు పడేదాకా ప్రతి వారం ముందు నేనొక్కణ్ణే ముక్కున కూర్చున్నాను, ఆ తర్వాతే మూట ఎక్కింది. పడవాయన గీసిన గీత ఒక్కసారి కూడా మునగలేదు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పీత సంగతి కాదు, అది నిజమే. ఆ ఆఖరి వాక్యం కల్పన. ఒక ఎండాకాలం పడవకు కొత్త తారు పూస్తే గీత దాని కింద మాయమైపోయింది. పడవాయన రంగుడబ్బా నా చేతికిచ్చి, "నీ గీత నువ్వే గీసుకో అన్నా" అని అటు తిరిగాడు. గీసుకున్నాను. పాతదానికంటే వేలెడు పైన. పాతచోటే గీసి ఉంటే ఆ రోజు మునిగేదే. ఆయన తిరిగి చూశాడు, మూట తనే ఎత్తి పడవలో పెట్టాడు.

ఆ వేలెడు తప్ప మిగతాదంతా నిజం. గజంబద్ద మీద మాత్రం వేలెడు కూడా తక్కువ కొలవలేదు. కొలిచి ఉంటే అవ్వ పట్టేసేది.