చవక లాప్‌టాప్‌లో నా ముఖం

మాది కడియం. పోయిన వేసవిలో రాజమండ్రి వెళ్లినప్పుడు, పాప చదువుకూ మా మొక్కల నర్సరీ బిల్లులకూ ఇది చాలని మావారిని ఒప్పించి చవక లాప్‌టాప్ కొనిపించాను. ఇంటికి తెచ్చి, నుదుటికి పెట్టినట్టే తెర పై అంచు మధ్యలో తడి కుంకుమతో బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాను.

మర్నాడు మా చెల్లికి వీడియో కాల్ చేస్తే, "అక్కా, నువ్వు కనబడట్లేదే, అంతా చీకటే" అంది.

"అందుకే ఖరీదుది కొందామన్నాను" అన్నారు మావారు.

నాకు ఒళ్లు మండిపోయింది. లాప్‌టాప్ పట్టుకుని షాపుకెళ్లి, "పాడైపోయినదాన్ని అంటగట్టారేంటండీ?" అని అందరి ముందూ కేకలేశాను.

షాపతను కెమెరా ఆన్ చేసి, గుడ్డతో దాని మీది కుంకుమ తుడిచాడు. "ఇప్పుడు చూడండమ్మా" అన్నాడు.

తెరనిండా నోరు తెరిచి అరుస్తున్న నా ముఖమే!

ఆ లాప్‌టాప్ నేటికీ బాగానే పనిచేస్తోంది. మావారు మాత్రం ఏ కొత్త వస్తువు తెచ్చినా, కుంకుమ భరిణె దాచేశాకే పెట్టె విప్పుతున్నారు.