మీదికొచ్చిన గోడ

నిక్షేపంలాంటి సొంతింటి గోడను గడ్డపారతో పొడిచిన మొనగాణ్ణి చూడాలనుంటే మా ధర్మవరం రండి. గుంతమగ్గంలో కాళ్ళు దించుకుని పట్టుచీర నేస్తూ కనిపిస్తాను. నా వీపు వెనకే ఆ గోడ, గోడలో మీ తలకాయ పట్టేంత బొక్క.

ఆ గోడతో నాకు పాత పరిచయం. మనసు కుంగి జబ్బుపడినప్పుడు నెలల తరబడి దానివైపే మొహం పెట్టి పడుకున్నాను. అన్నం వద్దు, మాట వద్దు, గోడే చాలు. మా ఆవిడ సరోజ అనంతపురం లాక్కెళ్ళి డాక్టరమ్మకు చూపించింది. మాత్రలతో లేచాను. మధ్యలో సొంత తెలివితో అవి మానేసి మళ్ళీ గోడకే చేరాను. మళ్ళీ మాత్రలు, మళ్ళీ మగ్గం. ఈసారి ఆకలి కూడా లేచింది. సంగటి ముద్ద మీద ముద్ద, దానిమీద చెనిక్కాయల ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి.

ఒక మధ్యాహ్నం ఊరంతా ఎండకు నోరు మూసుకుని ఉంది. నేస్తుంటే ముందున్న కర్ర, అదే నేసిన చీర చుట్టుకునేది, పొట్టకు తగిలింది. వెనక్కి జరిగాను. వీపుకు గోడ తగిలింది, చల్లగా. ఆనాటినుంచి రోజురోజుకూ ఇంకా దగ్గరగా. గోడ నన్ను కర్రకేసి నెడుతోంది!

నేతగాణ్ణి కదా, గోడ నుంచి కర్రదాకా పట్టుదారంతో కొలిచాను. ఎన్నిసార్లు కొలిచినా వెంట్రుకవాసి తేడా లేదు. మీరైతే అక్కడ ఆగి ఆలోచిస్తారు. నేను ఇంకా హడలిపోయాను. అంటే నేను కూర్చున్నప్పుడే జరుగుతోందన్నమాట!

పక్కింట్లో దారాలకు రంగులద్దే మస్తాన్‌ను పిలిచి మగ్గంలో కూర్చోబెట్టాను.

"ఏమప్పా, బాగానే ఉండాదే. ఇంకొకడు పట్టేంత తావుండాది."

"అదే అన్నా నా భయం! అది నన్నొక్కణ్ణే రమ్మంటాంది."

"నీకు ఒళ్ళొచ్చిందేమో చూసుకోప్పా."

"యాడొచ్చింది? పోయిన తూరి ఒళ్ళొస్తే మొదట చొక్కానే చెప్పింది. ఇప్పుడు చూడు, గుండీలు ఎంత సుఖంగా ఉండాయో!"

మస్తాన్ చొక్కా పట్టి చూశాడు. నిజంగానే వదులుగా ఉంది. అతని మొహంలో నవ్వు పోయింది. గోడకేసి ఒకసారి చూసి, "రంగుల కాడ పనుండాదప్పా" అంటూ చెప్పులు మరిచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గోడ మళ్ళీ వీపుకు ఆనింది. వచ్చి పడుకో అని పిలిచినట్టే అనిపించింది. నిజం చెబుతున్నా, ఈసారి పడుకుంటే ఇక లేవనని పై ప్రాణాలు పైనే పోయాయి. గడ్డపార తెచ్చి, "పోతావా లేదా!" అని ఒక్క పోటు పొడిచాను.

సరోజ పరుగెత్తుకొచ్చి గడ్డపార పట్టుకుంది.

"తిక్క లేసిందా ఏమయ్యా? గోడ యాడికీ రాలేదు. నువ్వే దాని మీదికి పోతాండావు!"

"మరి చొక్కా?"

ఆమె నా చొక్కా పక్క చూపించింది. కుట్టు పొడుగునా రంగు వెలవని పట్టీ.

"నువ్వు మగ్గంలో ఉన్నప్పుడల్లా కుట్లు విప్పి, లోపలుండే గుడ్డ వదిలి మళ్ళా కుడతాండా. అన్ని చొక్కాలూ."

"ఎందుకే?"

"ఆ మాత్రలతో కొందరికి ఒళ్ళొస్తాదని డాక్టరమ్మ చెప్పలేదా? పోయిన తూరి చొక్కా బిగుతైందని మాత్రలు మానేస్తివి. ఈ గోడకు మొహం పెడితివి. నువ్వు లావైతే నాకేమి? మళ్ళా గోడకు తిరుగుతావనే నా భయం."

ఆమె గడ్డపార లాక్కుని మూల పెట్టింది. నాకు సిగ్గూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మళ్ళీ అనంతపురం వెళితే డాక్టరమ్మ అంతా విని, మాత్ర మానొద్దని, తాను మార్చి చూస్తానని, సంగటి తగ్గించి నడవమని చెప్పింది, నవ్వాపుకుంటూ. బొక్క పూడుస్తానంటే సరోజ ఒప్పుకోలేదు. "ఉండనీ, నీకు ఆ మాత్రం తావు కావల్ల" అంది.

కాబట్టి ఆ బొక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గోడ నా మీదికొచ్చినా గడ్డపార ముట్టను. ముందు మాత్ర వేసుకుంటాను, తర్వాత తూకం చూసుకుంటాను. మా ఆవిడ ఇంట్లో ఉన్నంతకాలం చొక్కా మాట మాత్రం చచ్చినా నమ్మను.