వడ్లెక్కిన ర్యాంపు

ఆ రోజుల్లో నాకు రాని లెక్క లేదనుకునేవాణ్ణి. చదువు పదో తరగతి దగ్గరే ఆగినా, తాపీ మేస్త్రీల వెనక తిరిగి ఇటుకా ఇసుకా సిమెంటూ లెక్కకట్టడం నేర్చుకున్నాను. తొంభైల చివర్లో మా ఊళ్ళో నాటకాలకీ, పిల్లల ఆటలకీ ఒక హాలు కట్టాలనుకున్నప్పుడు, కమిటీ ప్రెసిడెంటైన మా మావయ్య "బయటి ఇంజనీరెందుకు, మనోడున్నాడుగా" అని ఆ పని నాకు అప్పగించాడు (బయటివాడైతే ఫీజు అడుగుతాడు మరి). కాలువ గాలి తగిలేలా ఎదురెదురు కిటికీలు పెట్టాను; పగలు లైటూ ఫ్యానూ అక్కర్లేదు. చూరు నీళ్ళు తొట్టిలోకి మళ్ళించాను. వరద ఎక్కకుండా అరుగు మూడడుగులు లేపాను.

కానీ నా ప్రాణమంతా ర్యాంపు మీదే. మా హార్మోనియం మాస్టారికి చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరిగేవారు. పాత పాకలో ఆడే ప్రతి నాటకానికీ ఇద్దరు మనుషులు ఆయన్ని బస్తాలా ఎత్తి స్టేజీ మీద పెట్టేవారు. ఆ కాసేపూ ఆయన కళ్ళు మూసుకునేవారు. "ఈ హాల్లోకి నా అంతట నేనే వస్తానండి" అన్నారు నాతో ఒకసారి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు చొప్పున ముప్పై ఆరడుగుల ర్యాంపు గీశాను. "ఏరా, విమానం గానీ దింపుతావా?" అన్నాడు మావయ్య.

ప్రారంభానికి ముందు ముసురు పట్టుకుంది. సరిగ్గా ఆ రోజు పొద్దున్నే ఎండ కాసింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేసరికి ర్యాంపు పొడుగునా వడ్లు! వాటిని కాళ్ళతో తిరగేస్తూ మా అత్త: "ఎంత బాగా కట్టావురా నాయనా! చుక్క నీరు నిలవట్లేదు!" (ఆ ర్యాంపుకి దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.)

ఇంతలో మాస్టారి బండి వచ్చి వడ్ల అంచున ఆగింది. అత్త నాలుక కరుచుకుని గోనె సంచి అందుకుంది. "వద్దమ్మా, తడి వడ్లు. పోగేస్తే మొలకలొచ్చేస్తాయి" అన్నారు మాస్టారు.

"పోనీ వాటి మీంచే వచ్చెయ్యండి మాస్టారూ" అన్నాను.

"తినే గింజల మీద చక్రం పెట్టమంటారేంటండీ?"

మావయ్య చొక్కా చేతులు మడిచాడు. "నలుగురం ఎత్తి లోపల పెట్టేస్తామండి."

"ఎత్తించుకోడానికైతే పాత పాక సరిపోదేంటండీ?"

ఆయన రోడ్డు మీదే హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన ఎత్తుకున్నారు. మెట్లెక్కి లోపల కూర్చున్న జనం ఒక్కొక్కరే బయటికొచ్చి ఆయన చుట్టూ చేరారు. ఉపన్యాసం కాగితంతో మైకు దగ్గర మావయ్య ఒక్కడే మిగిలాడు. నా కిటికీల్లోంచి గాలి మాత్రం బ్రహ్మాండంగా వీచిందట, ఆయనే చెప్పాడు.

"ఇంకో రోజు వస్తాలెండి. ర్యాంపెక్కడికి పోద్ది?" అన్నారు మాస్టారు బండి తిప్పుకుంటూ. ఆ నెలలోనే పాలకొల్లులో కూతురింటికి వెళ్ళారు. అక్కడే పోయారు. ర్యాంపు నిజంగానే ఎక్కడికీ పోలేదు.

ఇప్పటికీ ఎవరైనా హాలు ప్లాను గీయమంటే, ర్యాంపు పక్కన ఖాళీ గచ్చు ఒకటి గీస్తాను. "ఇదెందుకండీ, దండగ?" అంటారు. "వడ్లకండి" అంటాను. నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ముప్పై ఆరడుగులూ సరిగ్గా కొలిచి, ఇస్త్రీ చొక్కాతో ఆ వడ్ల ముందు నిలబడిపోయిన కుర్రాణ్ణి తలుచుకుని.