మిరప కళ్లంలో మూరెడు దారి

నన్ను కారులోంచి దింపేసిన రోజు గురువారం. దింపేయడమంటే నడిరోడ్డు మీద కాదు. సాయంత్రం గుంటూరులో మా వీధి మొదట్లో మామూలుగానే ఆపారు. నేను దిగి తలుపు వేయబోతుంటే, కారు నడిపే లెక్కల మాస్టారు అద్దంలోంచి చూస్తూ, రేపటినుంచి కొత్తగా వచ్చిన సైన్సు టీచరుగారిని ఎక్కించుకోవాలని, చోటు చాలదని చెప్పాడు. వెనక సీటులో ఉన్నాయన ఫోనులోకి తల దించుకున్నాడు. నాలుగేళ్లు ఒకే కారులో ఒకే బడికి వెళ్లిన వాళ్లం. చోటు ఎందుకు చాలలేదో నాకు తెలుసు. ఏసీ గాలి మెడకు కొడుతోందన్నాను. పాటల మోత తగ్గించమన్నాను. కిటికీ తెరిస్తే మిరప ఘాటుకు దగ్గు వస్తుందన్నాను. మూడూ న్యాయమైన మాటలే. ఇప్పుడైనా అంటాను.

కారు లేకపోతే నెల తిరక్కుండా బదిలీకి కాళ్లావేళ్లా పడతాడని వాళ్లలో ఒకరు అన్నట్టు మర్నాడే నా చెవిన పడింది. పంతం అక్కడ మొదలైంది. మా బడిలో తొమ్మిది లోపల ఆవరణలో నిలబడి హాజరు కోసం ఫోనుకు ముఖం చూపించాలి. దాటితే ఆలస్యం కింద పడిపోతుంది. ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా, ఆ కారు మళ్లీ ఎక్కకుండా, రిటైరయ్యే దాకా వెళ్లి చూపిస్తానని మా ఆవిడతో అన్నాను. ఎవరికి చూపించాలని అడిగింది. ఆ మాటా మరిచిపోలేదు.

బస్సును మెచ్చుకోవాలని ఎక్కలేదు. మొదటిరోజే కండక్టరు "లోపలికి జరుగు, జరుగు" అని ఏకవచనంలో తోశాడు. అతని ముఖం గుర్తుపెట్టుకున్నాను. తర్వాతి వారం అదే మనిషి, పత్తి తీతకు పోయే ఒక ముసలమ్మ క్యారేజీ పట్టుకుని దూరంగా పరుగెత్తుకొస్తుంటే, విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా నిలబడ్డాడు. ఆమె ఎక్కి ఊపిరి తీసుకున్నాకే ఊదాడు. జరుగు అన్నది నేను మాఫీ చేయలేదు గానీ, ఆ ఊదని విజిల్ కూడా నా మనసులో ఉండిపోయింది.

కారులో వెళ్లిన నాలుగేళ్లలో నేను చూసింది ముందు వెళ్లే లారీ వెనక భాగం. బస్సులో ఎనిమిది కాకముందే ఏ ఊరి మిరపకు నల్లతామర పురుగు తగిలింది, ఏ చేలో రెండో కోతకు కూలీలు చాలడం లేదు, అన్నీ తెలిసిపోయేవి. నిలబడే ప్రయాణం చాలా రోజులు. సీటు దొరికిన రోజు పరీక్ష పేపర్లు దిద్దుకునేవాణ్ణి. మిర్చి యార్డుకు టిక్కీలు, అదే మిరప బస్తాలు, మోసే లారీలు రోడ్డు నిండినప్పుడు మా డ్రైవరు హారన్ మీద చెయ్యి వేయకుండా వేళ్లతో స్టీరింగు మీద తాళం వేసుకుంటూ కూర్చునేవాడు. లెక్కల మాస్టారైతే ప్రతి లారీనీ పేరు పెట్టి తిట్టేవాడు. ఆ తిట్లు వినకుండా బడికి చేరడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

బస్సు దిగే అడ్డరోడ్డు దగ్గర టీకొట్టు వెనక ఒక పాత సైకిలు పెట్టుకున్నాను. కారు తారురోడ్డు వెంట చాలా దూరం చుట్టు తిరిగి రావాలి. సైకిలుకు చేల మధ్య ఎడ్లబండ్ల దొంక ఉంది. తిన్నగా మా బడి వెనక గోడకు తీసుకెళ్తుంది. వానాకాలం దాని సంగతి అడగొద్దు. నల్లరేగడి పట్టుకుంటే వదలదు. మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. పుల్లతో గీకి, మళ్లీ నాలుగడుగులు వేసి, మళ్లీ గీకి. రెండుసార్లు సైకిలే నా భుజమెక్కింది. అయినా తొమ్మిది దాటలేదు. శీతాకాలం వచ్చేసరికి మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో తెలియలేదు. చక్కెర తగ్గిందని చెప్పి, మందు మార్చారా అని డాక్టరు అడిగాడు. రవాణా మార్చానన్నాను.

ఫిబ్రవరిలో ఒక ఉదయం దొంక మొదట్లోనే ఆగిపోవలసి వచ్చింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నీలం పట్టాలు పరిచి మిరపకాయలు ఆరబోశారు. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దావిడ తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. నా కంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. తల ఎత్తకుండానే దారి లేదంది, రోడ్డెంబడి పొమ్మంది. దొంక ఊరందరిదీ అన్నాను. తహసీల్దారుగారికి అర్జీ పెడతానన్నాను. అర్జీలు రాయడంలో నాకు మంచి అలవాటుంది.

"రాసుకోవయ్యా," అంది ఆవిడ. అప్పుడు తలెత్తి చూసింది. "నీ తెల్లకారేదీ?"

నాకు అర్థం కాలేదు.

"ఎనక సీట్లో ఎడం పక్కన కూచున్నది నువ్వేగా. పోయినేడు ఈడ కారు తిప్పుకుంటా నా కాయ తొక్కిచ్చారు. నేను అరుస్తా ఉంటే నువ్వు అద్దం పైకి లేపావు."

నిజమే. ఆ రోజు ముందు లారీలు ఆగిపోతే మా మాస్టారు కారును దొంకలోకి దూర్చి వెనక్కి తిప్పాడు. చక్రాల కింద కాయలు నలిగి ఘాటు లేచింది. నాకు దగ్గు వచ్చింది. అద్దం ఎవరు దించారని లోపల నేనే గొడవ చేశాను. అద్దం అవతల ఎవరో ఆడమనిషి నోరు కదలడం చూశాను. ఏమంటోందో వినలేదు. విందామని కూడా అనిపించలేదు.

"ఆ రోజు కారు నడిపింది నేను కాదమ్మా," అన్నాను.

"అద్దం లేపింది నువ్వేగా?"

నన్ను నువ్వు అనే వాళ్లను నేను ఊరికే వదలను. ఆ ఉదయం మాత్రం ఆ మాట గుచ్చుకోలేదు. ఏడాది పాటు ఒక ముఖాన్ని, అదీ అద్దం వెనక ముఖాన్ని, మనసులో అలా పదిలంగా పెట్టుకున్న మనిషి! ఈ విద్యలో నన్ను మించినవాళ్లు లేరనుకునేవాణ్ణి. నాకు పెద్దల ముందు నిలబడినట్టు అనిపించింది.

తొమ్మిదికి పదిహేను నిమిషాలుంది. చుట్టు తిరిగి వెళితే పంతం పోయినట్టే. ఆవిడ నన్నూ సైకిలునూ ఒకసారి కిందినుంచి పైకి చూసింది.

"చెప్పులిప్పి, సైకిలు నడిపిచ్చుకుంటా ఆ అంచెంబడి పో. కాయ మీద చక్రం పడిందా, రేపట్నించి ఇటు రాబాక."

చెప్పులు హ్యాండిలుకు తగిలించుకుని, మంచుకు తడిసిన పట్టా మీద అంచు వెంట అడుగులో అడుగు వేసుకుంటూ దాటాను. తొమ్మిదికి రెండు నిమిషాలుండగా బడిలో పడ్డాను. మర్నాడు వెళ్లేసరికి ఆ అంచున కాయలు లేవు. మూరెడు మేర పట్టా ఖాళీగా ఉంది. ఆవిడ నా వైపు చూడకుండా తాలుకాయలు ఏరుకుంటూనే ఉంది. కాయల విలువ తెలిసిన మనిషి, ఎండ విలువ తెలిసిన మనిషి, ఆ మూరెడూ రోజూ వదిలేది.

తర్వాత నా పంతం నేనే చెడగొట్టుకున్నాను. నెలాఖరులో జ్వరం తగిలింది. లెక్కల మాస్టారు స్వయంగా ఫోను చేశాడు. సైన్సు టీచరుగారు స్కూటీ కొనుక్కున్నారట, నా సీటు ఖాళీగానే ఉందట. మూడు రోజులు కారులో వెళ్లాను. నా వైపు ఏసీ మూసి ఉంచారు. పాటలు పెట్టలేదు. ఫిర్యాదు చేయడానికి ఏమీ మిగల్చలేదు. అది నాకు అసలు నచ్చలేదు.

మూడోరోజు అడ్డరోడ్డు దగ్గర లారీకి దారివ్వడానికి కారు ఆగింది. కిటికీలోంచి కళ్లం కనిపించింది. అంతా ఎరుపు. అంచున మాత్రం మూరెడు నీలం. టీకొట్టు వెనక నా సైకిలు గోడకు ఆనుకుని ఉంది. నేను అద్దం దించాను. ఘాటుకు ముందు సీటులోని ఇంకో మాస్టారు దగ్గాడు. ఆవిడ అటు తిరిగి కాయలు కదుపుతోంది.

మర్నాడు జ్వరం పూర్తిగా తగ్గకుండానే బస్సెక్కాను. చెప్పులిప్పుతుంటే ఆవిడ అందుకుంది.

"మూడ్రోజులు దారి ఒదిలా. ఆ మేర కాయ నీ నెత్తిన ఆరబోసుకోవాలా?"

జ్వరమన్నాను.

"జరమొస్తే కారెక్కాలా? టీకొట్టాయన చెప్పాడులే."

దాచడానికి ఏముంది? ఎక్కానన్నాను. నిన్న ఇక్కడ ఆగినప్పుడు అద్దం దించానని కూడా చెప్పాను.

"నే చూళ్లా," అంది ఆవిడ. కాలితో కాయలు కదుపుతూ నాలుగడుగులు వేసి ఆగింది. "రానినాడు ముందురోజే చెప్పు."

సాయంత్రం కారు దగ్గర మాస్టారు ఎక్కమన్నాడు. నా సైకిలు అడ్డరోడ్డు దాకా వెళ్లాలన్నాను. ఏసీ కూడా పడదన్నాను, అది అలవాటుగా వచ్చింది.

ఆ ఏడు కోతలు అయిపోయేదాకా రెండో శనివారం సెలవైనా, శివరాత్రైనా, ముందురోజు కళ్లం దాటుతూ ఆవిడకు చెప్పే వెళ్లాను. వినపడినట్టు ఉండేది కాదు. నేను రానన్న రోజు మాత్రం అంచుదాకా కాయలు పోసుకునేదట, టీకొట్టాయన చెప్పాడు. అద్దం సంగతి ఆవిడ ఇంకా మాఫీ చేయలేదు. చేయకూడదు కూడా.