మంచంకోడుకు కట్టిన పెట్టె

గత శుక్రవారం మధ్యాహ్నం మా తాండూరులో మా పొరుగింటి చాచా కన్నుమూశారు. ఈ వీధిలో ఆయనను అందరికంటె పట్టుదలగా అనుమానించినవాడిని నేనే గనుక, ఈ నాలుగు మాటలు వ్రాయవలసిన బాధ్యత కూడ నాదేనని భావిస్తున్నాను.

పోలీసు చర్య జరిగిన కొద్ది నెలలకు ఆయన ఒక రేకు పెట్టెతో రైలు దిగారు. ఇన్నాళ్ళు ఎక్కడ ఉన్నావని అడిగిన వారందరికి ఒకటే సమాధానం: దక్షిణాన మంచు సముద్రంలో తిరిగే పరదేశపు ఓడలో సరుకు సర్దే పని. మంచుమీద నివసించే పరిశోధకులకు బొగ్గు, పిండి, నూనె పీపాలు చేరవేసే ఓడ అట. ఆ రోజులలో ఇటువంటి మాట ఎవరు నమ్ముతారు? రజాకార్లతో తిరిగి ఎక్కడో దాగి వచ్చాడని వీధి నిశ్చయించింది. నాపబండల కార్ఖానా యజమాని ఆయనను పనిలో పెట్టుకొని, నెల రోజులు గమనించి చెప్పమని, రాత్రిబడిలో చదివి గుమస్తానైన నన్ను ఆదేశించాడు. ఆయన అన్నం నా మాటమీద ఆధారపడింది.

గమనించాను. పీటపై తడిగుడ్డ పరచి దానిమీదనే పళ్ళెం పెట్టేవారు. చెంబు సగానికి మించి నింపేవారు కారు. పెట్టెను మంచంకోడుకు తాడుతో బిగించి, ముడిని లాగి చూచేవారు. దాచవలసినది ఉన్నవాని లక్షణాలుగా ఇవన్నీ వ్రాసుకున్నాను. భూగోళం చదివినవాడిని, ఒకనాడు ఉచ్చు కూడ పన్నాను.

"ఆడ నెలలకొద్ది పొద్దు గూకదంటరు గద చాచా. మరి నమాజెట్ల చేసినవ్?"

"పొద్దు గూకకుంటె గడియారం ఆగుతదా తమ్మీ? ఓడల గంట గొడితె డ్యూటీ, గంట గొడితె రొట్టె. నమాజు సుత గడియారం సూసే." నవ్వారు. "జర పెద్ద సవాల్ అడుగు. రాత్రిబడి ఇజ్జత్ పోతది."

తడుముకొనని జవాబు ముందే సిద్ధం చేసుకున్నదని తలచాను.

మా బండలను వ్యాగన్లలో పరచి పంపేవారము. దారిలో ఎన్నో పగిలేవి. మూడవ వారంలో చాచా వాటిని నిలువుగా నిలిపి, నడుమ గడ్డి కూరి, చెక్కమేకులు దిగగొట్టి, తాళ్ళతో బిగించారు.

"ఏంది చాచా, బండలకు లగ్గం జేస్తున్నవా?" అన్నారు హమాలీలు.

"నవ్వుండ్రి. కట్టని సామాన్ను ఎన్నడు నమ్మొద్దు. ఓడ ఒరిగినప్పుడు ఒక్క పీపా దొర్లితె చాలు, నడుములిరుగుతయి."

పది రోజులకు సరుకు అందుకున్నవారి జాబు వచ్చింది: ఒక్క బండ కూడ పగలలేదు. జాబు పట్టుకొని ఆయన గదికి వెళ్ళాను. వ్యాగన్‌లోని ముడి, పెట్టె ముడి ఒక్కటే. తడిగుడ్డ ఎందుకని అడిగాను.

"ఓడ ఊగితె పళ్ళెం జారకుండ. నేల ఊగదని నాకెర్కనే తమ్మీ. చేతికే ఎర్క లేదు."

ఆ సాయంత్రమే ఆ ముడి నాకు నేర్పారు. యజమానితో "ఉంచుకొనవచ్చును" అన్నాను. "నమ్మవచ్చును" అనడానికి నా గర్వం ఒప్పలేదు. తరువాత ఏళ్ళతరబడి, కమ్ములపై పేరుకొన్న మంచు బరువుకు ఓడ బోల్తాపడకుండ చెక్కసుత్తులతో కొట్టిన దినాలను, అడుగు నీటిని పరీక్షకు పట్టడానికి పరిశోధకులు సముద్రపు లోతుకు దింపిన సీసాలను గంటలకొద్ది తాడుపట్టి లాగిన దినాలను ఆయన చెప్పేవారు. కనుబొమలు ముడిచి వినేవాడిని. నమ్మానని ఒక్కనాడు చెప్పలేదు.

ఆయన పోయిన మూడవనాడు, మర్పల్లి నుండి వచ్చిన ఆయన మేనల్లుడు పెట్టె ముడి విప్పలేక కత్తి తెచ్చాడు.

"కొయ్యకు, ఆగు. నాకొస్తది," అన్నాను.

ముడి విప్పాను. మూత తీసేలోగా వాకిట్లోకి వచ్చేశాను. అందులో ఏమున్నదో నేను చూడవలసిన పని ఇక లేదు.

దండెం మీద ఆయన గుడ్డ ఎండిపోయి ఉంది. నడుమ పళ్ళెపు గుండ్రని మరక. గాలికి పోకుండ రెండు కొసలూ అదే ముడితో దండేనికి కట్టి ఉన్నాయి.